మాట రాని ఆవిడ

నమోదు 1
ప్రవాహం ఉత్తరం నుంచి, నెమ్మదిగా. చూపు నాలుగు బారలు.

లైన్ గదిలో ఏది రాసినా ముందు నీళ్ళ సంగతి రాయాలి. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా రాసేశాను. కానీ ఇది డ్యూటీ రాత కాదు, మా ఆయన సంగతి. "ఇంట్లో ఎలా ఉంటున్నాడో జరిగింది జరిగినట్టు రాస్తూ ఉండు రత్నం. నీకు ఏడుపొస్తే అది కూడా రాయి" అన్నారు డాక్టర్ కృపావతి గారు.

మా ఆయన లోవరాజు. సముద్రం అడుగున ఉన్న మా ఊరు లోతూరు గోడలకి బయటినుంచి వెల్డింగు చేసే డైవరు. పైన సముద్రం ఎంత బరువుందో, దాన్ని ఆపుతున్న గోడలో ఏ అతుకు ఎప్పుడు వేశారో ఆయనకి కంఠతా వచ్చు. నేను లైన్ గదిలో కూర్చుని బయటున్న డైవర్లకి దారి చెబుతాను. నీళ్ళు మురికెక్కితే వాళ్ళకి తమ చెయ్యి తమకే కనపడదు. చెవిలో మా గొంతొకటే ఆధారం. "కుడికి రెండు బారలు రా, తాడు అందుతుంది" అంటే రావడమే. ఆయన నా మొహం చూడకముందు ఏడాదిపాటు నా గొంతు విన్నాడు. పెళ్ళి మాట కూడా లైన్ మీదే, పని మధ్యలో, గోడకి వేలాడుతూ అడిగాడు. లైన్‌లో ఉన్న మిగతా డైవర్లందరూ విన్నారు.

పోయిన నెల పని ముగించుకుని వస్తుంటే, నీళ్ళలోంచి ఊళ్ళోకి దాటే గేటు గదిలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది. రక్తంలో బుడగలు లేచాయి. ఒకటి మెదడులోకి పోయింది.

బతికాడు. నడుస్తాడు, మాట్లాడతాడు, లెక్కలు చెబుతాడు. కళ్ళు తెరవగానే వాళ్ళ అక్క పోలమ్మ వదినని గుర్తుపట్టాడు. గేటు కాపలా నాగూర్‌ని గుర్తుపట్టి "టీ తెచ్చావేటి" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఈవిడెవరక్కా? అచ్చం మా రత్నంలాగే ఉందే?"

వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

నమోదు 2
ప్రవాహం లేదు. చూపు ఐదు బారలు.

ఇంటికి తీసుకొచ్చాం. తలుపు వేయగానే "ఏమయ్యా, నేనేనయ్యా, రత్నాన్ని" అన్నాను.

ఆయన గోడకి అంటుకుపోయాడు. మొహంలో నెత్తురు లేదు. "మా ఆవిడ గొంతు మీకెక్కడిది? ఆమెనేం చేశారు మీరు?"

పెళ్ళయిన దగ్గర్నుంచి నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి. తిట్టినా బాగుండేది.

ఎదురింట్లోంచి వదిన వచ్చి పక్కన కూర్చుంటే గానీ ఆయన వణుకు తగ్గలేదు. అప్పట్నుంచి ఆయన ముందు నోరెత్తడం మానేశాను. అన్నం పెట్టడం, బట్టలు తియ్యడం, మందులివ్వడం అన్నీ సైగలతోనే. నేను మాట్లాడకపోతే భయపడడు.

నమోదు 3
ప్రవాహం తూర్పు నుంచి. చూపు మూడు బారలు.

డాక్టరమ్మ బల్లమీద మెదడు బొమ్మ ఒకటి ఉంది. అక్రోటుకాయలా రెండు ముక్కలుగా విడిపోతుంది. విప్పి చూపించారు.

"కంటిలోంచి వచ్చిన చూపు ఇలా తల వెనక్కి పోతుంది. అక్కడ్నుంచి అడుగున ఇక్కడ, మొహాల్ని పోల్చుకునే చోటికి. రాజుకి ఇది బాగుంది. నీ మొహం నీదేనని తెలుస్తోంది. కానీ కబురు ఇంకోచోటికి కూడా అందాలి." ఆవిడ వేలు ఇంకా లోపలికి జరిగింది. బాదంగింజంత ముద్ద. "మనవాళ్ళు కనపడితే లోపల ఒక కదలిక వస్తుంది చూడు, అది ఇక్కడ పుడుతుంది. ఈ రెంటికీ మధ్య నరాల పోగులు బుడగ వల్ల చచ్చిపోయాయి."

"మరి వాళ్ళక్కని పోల్చుకున్నాడే?"

"అక్కని చూసినప్పుడు పుట్టాల్సినంత పుట్టకపోయినా మెదడు సర్దుకుపోయింది. నీ దగ్గర సర్దుకోలేకపోయింది. కళ్ళ ముందు రత్నం మొహం ఉంది, లోపల చూస్తే ఏమీ లేదు. అంత ఖాళీ ఎందుకొచ్చిందో మెదడుకి ఒక కారణం కావాలి. ఈవిడ రత్నం కాదు అనుకుంది. అదే దానికి తేలిక."

"అంటే, నామీద ప్రేమ తక్కువైతే నన్ను పోల్చుకునేవాడా?"

డాక్టరమ్మ బొమ్మ ముక్కలు రెండూ కలిపి పక్కన పెట్టారు.

నమోదు 6
ప్రవాహం ఉత్తరం నుంచి. చూపు రెండు బారలు. బురద.

ఈరోజు ఒకటి జరిగింది. ఎలా రాయాలో తెలియడం లేదు.

డ్యూటీలో ఉండగా వదినతో మాట్లాడదామని ఇంటికి ఫోన్ చేశాను. ఆయన అన్నం తిన్నాడో లేదో అడుగుదామని. వదిన నీళ్ళకి వెళ్ళినట్టుంది, ఆయనే తీశాడు. నేను పెట్టెయ్యబోతూ, అలవాటుగా "వదినా?" అనేశాను.

అవతల ఊపిరి ఆగింది.

"రత్నం? ఏటే, ఎక్కడున్నావే నువ్వు? ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే?"

మొగుడు ఏడవడం నేనెప్పుడూ వినలేదు. లైన్ గదిలో పక్కవాళ్ళు తిరిగి చూస్తున్నారు. నేను బల్ల కిందకి వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇక్కడే ఉన్నానని చెప్పాను. ఇక్కడంటే ఎక్కడన్నాడు. నా నోట్లోంచి 'పై వేదిక' అని వచ్చేసింది. సముద్రం మీద తేలుతూ ఉండే వేదిక, మన ఊరికి గాలీ బియ్యం పంపేది. అక్కడికి డ్యూటీ మీద పంపారని, ఇప్పుడప్పుడే దించరని చెప్పాను.

తర్వాత డాక్టరమ్మని అడిగాను. గొంతు వేరే దారిన పోతుందట. చెవి నుంచి ఆ బాదంగింజకి వెళ్ళే తోవ చెడలేదు. అందుకే ఫోనులో నేను నేనే. మనిషి ఎదురుగా ఉంటే మాత్రం ఆయన కళ్ళే గెలుస్తాయి, చెవుల మాట మెదడు వినదు.

నమోదు 11
చూపు నాలుగు బారలు. నీళ్ళు తేటగా ఉన్నాయి.

రోజూ డ్యూటీ మధ్యలో ఫోన్ చేస్తున్నాను. ఆ కాసేపూ నాకు మొగుడున్నాడు. తర్వాత ఇంటికెళ్ళి, నాకేమీ కాని మనిషికి పులుసు కాచి పెడతాను.

ఈరోజు ఫోనులో గొంతు తగ్గించి అన్నాడు: "నీకో మాట చెప్పాలి, కోప్పడకు. ఇంట్లో ఒకావిడ ఉంటుంది. ఆసుపత్రి వాళ్ళు పెట్టుంటారు. పాపం, మాట రాదు. అచ్చం నీలాగే ఉంటుందే. నేను మర్యాదగానే ఉంటున్నాను, ఒట్టు."

"అందంగా ఉంటుందా?" అన్నాను, ఊరుకోలేక.

"నీలాగే ఉంటుందని చెప్పాను కదా" అన్నాడు. ఆ మాటకి నేనెంతసేపు నవ్వానో, ఫోన్ పెట్టాక అంతసేపు కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికెళ్ళి అన్నం వడ్డించాను. చేప పొట్టముక్క ఆయనకిష్టం. దాన్ని తీసి గిన్నెలో పక్కకి పెట్టి, "ఇది మీకండి. మీరెప్పుడూ చివర తింటారు, ముళ్ళే మిగులుతాయి. కూర్చోండి" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో నాకెప్పుడూ పొట్టముక్క ఇవ్వలేదు. కూర్చున్నాను. తిన్నాను.

నమోదు 15
ప్రవాహం దక్షిణం నుంచి, గట్టిగా.

మాట రాని మనిషి ముందు ఎవరైనా ఏమైనా చెబుతారు కాబోలు. భోజనాలయ్యాక చేపలు పట్టే వలబుట్ట ముందేసుకుని, దాని వల కన్నులు దారంతో బిగిస్తూ ఆయన మాట్లాడతాడు. నేను ఎదురుగా పీట మీద కూర్చుని వింటాను.

"మా రత్నానికి తను లావయ్యానని దిగులండి. నాకెప్పుడూ అలా అనిపించలేదు. చెప్పాలని ఉంటుంది, నోరు రాదు."

ఇంకోరోజు: "ఓసారి గోడ దగ్గర దారి తప్పానండి. గాలి అయిపోవస్తోంది. ఆమె లైన్ మీద మాట్లాడుతూనే ఉంది, వంకాయ కూర ఎలా చేస్తుందో చెబుతూ. నేను భయపడకూడదని. గేటు గదిలోకి వచ్చాక తెలిసింది, ఆమె పెదవి కొరుక్కుని కొరుక్కుని నెత్తురొచ్చేసిందని. నేను చూశాను గానీ చూడనట్టే ఊరుకున్నాను. అడిగితే నేనూ ఏడ్చేస్తానని."

చూడలేదనే అనుకున్నాను, ఇన్నాళ్ళూ.

నమోదు 19
చూపు రెండు బారలు.

డాక్టరమ్మ పిలిచారు. ఆయన చర్మంలోంచి తీసిన కణాలతో నరాల నారు పెంచారట. దాన్ని చచ్చిపోయిన దారి మొదట్లో నాటితే పోగులు మెల్లగా పెరుగుతూ అవతలికి చేరతాయి. అవి పెరిగేటప్పుడు ఆయన నా మొహం చూస్తూ నా గొంతు వినాలి. రెండూ కలిసి జరిగితేనే పోగులకి తోవ తెలుస్తుంది.

"రెండు చిక్కులున్నాయి రత్నం. తనకి జబ్బుందని ఒప్పుకోని మనిషి తల నేను తెరవను. ఆయన ఒప్పుకోవాలి. రెండోది, గొంతు వెళ్ళే దారి ఈ పక్కనుంచే పోతుంది. దానికి దెబ్బ తగలదని నేను మాటివ్వలేను."

అదీ పోతే ఫోనులో కూడా నేనెవరో ఆయనకి తెలియదు.

ఆలోచించుకుంటానని వచ్చేశాను. వదిన తిట్టింది. "ఎన్నాళ్ళు ఇలా? పైన ఉన్నానని వాడికి అబద్ధం, కింద నువ్వేమో మూగదానివి. నువ్వేటైపోతావు?" అంది. రేపటి ఫోన్‌లో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తున్నాను. ఉన్న కాస్తా చేజారుతుందేమోనని భయం.

నమోదు 22
ప్రవాహం ఉత్తరం నుంచి, గట్టిగా. చూపు అర బార.

"నువ్వెప్పుడొస్తావే?" అని ఈరోజూ అడిగాడు. దించడం లేదన్నాను.

"అయితే నేనే వస్తా."

పైకి వెళ్ళాలంటే లిఫ్టు గదిలో ఒత్తిడి కొంచెం కొంచెం తగ్గిస్తూ రోజులు పడుతుంది. తలలో గాయమున్న వాళ్ళని అందులోకి రానివ్వరు. ఆయన తలకి చిన్న బుడగ కూడా ఎక్కువే. ఆ సంగతి చెప్పాను. వాళ్ళతో నేను మాట్లాడుకుంటాలే అన్నాడు. ఆయన గొంతు తీరు నాకు నచ్చలేదు.

నమోదు 23
ప్రవాహం ఉత్తరం నుంచి, గట్టిగా. చూపు లేదు.

ఇది ఈరోజే రాయాలి.

డ్యూటీ ఎక్కి కాసేపయ్యింది. బయట పనిలో ఎవరూ లేరు. నీళ్ళు పూర్తి బురద. అయినా బోర్డు మీద ఒక దీపం వెలిగింది. తూర్పు గేటు తెరిచి ఉంది. నాగూర్‌ని అడిగితే, "లోవరాజన్న వెళ్ళాడమ్మా. డాక్టరమ్మ పనిలోకి వెళ్ళమందని చెప్పాడు" అన్నాడు.

బోర్డు మీద ఆయన జాడ చూపించే ఇంకో దీపం, పై వేదిక దాకా కట్టిన తాడు వెంట కదులుతోంది. పైకి.

మైకు దగ్గరికి లాక్కున్నాను. "రాజూ, ఆగు."

"రత్నం! వచ్చేస్తున్నానే. ఆగుతూ ఆగుతూ ఎక్కుతాను, నాకు తెలుసు కదా. ఏమీ కనపడ్డంలేదు, తాడొకటే ఉంది. నువ్వలా మాట్లాడుతూ ఉండు."

"తాడు పట్టుకుని అక్కడే ఉండు. ఒక్క చెయ్యి కూడా పైకెయ్యకు. ఎలాగుంది నీకు?"

"వేళ్ళు కొంచెం జిలజిలమంటున్నాయి."

బుడగలు మొదలయ్యాయి. ఇక పొడిగించడానికి నా దగ్గర అబద్ధాలు లేవు.

"నేను పైన లేను రాజూ. ఎప్పుడూ లేను. లోపలే ఉన్నాను, లైన్ గదిలో. నీ కిందే ఉన్నాను."

ఆయన ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"మరి ఇంట్లో ఆవిడ?"

"ఆవిడ నేనే. నాకు మాటొచ్చు. మాట్లాడితే నువ్వు భయపడుతున్నావని ఊరుకున్నాను. వలబుట్ట దగ్గర కూర్చుని నువ్వు చెప్పినవన్నీ నాకే చెప్పావు. నా పెదవి సంగతి కూడా."

దీపం కదలలేదు. పక్కవాళ్ళు నా భుజం పట్టుకున్నారు.

"ఆవిడని చూస్తే నాకు ఏటీ అనిపించదు రత్నం" అన్నాడు చివరికి. "రాయిని చూసినట్టుంటుంది. నిన్ను చూస్తే అలా ఎలాగుంటుంది?"

"నీ తలలో ఒక దారి తెగింది. నీ తప్పు కాదు, నా తప్పు కాదు. ఇప్పుడు నీ కళ్ళకి ఏం కనపడుతోంది?"

"ఏటీ లేదు. బురద."

"అయినా తాడు ఉందని నమ్ముతున్నావు కదా. ఎవరు చెప్పారు?"

"నువ్వు."

"ఇప్పుడూ నేనే చెబుతున్నాను. దిగు. నెమ్మదిగా."

దీపం కిందికి కదిలింది. ఒక్కో బారకీ ఆయన్ని పేరుపెట్టి పిలుస్తూ దించాను. మాటలు అయిపోతే వంకాయ కూర చెప్పాను. నాగూర్ గేటు వేసి, గేటు దీపం ఆరాక గానీ కుర్చీలోంచి లేవలేకపోయాను.

గేటు గది అద్దం అవతల నేను నిలబడి ఉంటే ఆయన తల తొడుగు తీసి చూశాడు. రాయిని చూసినట్టే చూశాడు.

"నేనే" అన్నాను. గట్టిగా, ఆయన ముందు.

ఒళ్ళు జలదరించింది ఆయనకి. కానీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. "మళ్ళీ అనండి" అన్నాడు. మళ్ళీ అన్నాను. మొహమంతా మెత్తబడింది. కళ్ళు తెరిచాడు. అంతా పోయింది. మళ్ళీ మూశాడు, మళ్ళీ తెరిచాడు. స్విచ్చు పాడయిందేమోనని నొక్కి చూసినట్టు.

"జబ్బు నాకేనన్నమాట" అన్నాడు. "డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తారా నన్ను?"

నమోదు 24
చూపు ఒక బార.

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు కళ్ళు మూసుకుని నా చెయ్యి అడిగాడు. "ఇదీ పోతే ఎలాగే?" అన్నాడు.

"పోతే మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకుంటాను" అన్నాను. ధైర్యంగానే అన్నాను. తలుపు మూసేదాకా ధైర్యంగానే ఉన్నాను.

నమోదు 31
ప్రవాహం తూర్పు నుంచి.

నారు బతికిందట. రోజూ ఎదురెదురుగా కూర్చుంటున్నాం. నేను మాట్లాడాలి, ఆయన నన్నే చూడాలి. ఆయనకి చెమటలు పడతాయి. పీట అంచు పట్టుకుని కూర్చుంటాడు. తెలుసు ఆయనకి, నేనెవరో. తెలియడం వేరు, అనిపించడం వేరు. "మీరు చెప్పండి, నేను ఓర్చుకుంటాను" అంటాడు.

ఈరోజు ఫోన్ చేస్తే ఆయన కాసేపు తడబడ్డాడు. "నీ గొంతు ఏదోలా ఉందే. ఎవరిదోలా ఉంది" అన్నాడు.

డాక్టరమ్మ వాపు వల్ల కావచ్చన్నారు. కావచ్చు అన్నారు, అంతే. ఈ పూట అన్నం వండలేదు. వదిన తెచ్చి పెట్టింది.

నమోదు 33
చూపు మూడు బారలు.

గొంతు ఇంకా పరాయిగానే ఉందట. ఫోన్ చెయ్యడం మానేద్దామనుకున్నాను. కానీ చేశాను. ఆయన మర్యాదగా మాట్లాడాడు. మర్యాదగా.

నమోదు 38
చూపు ఐదు బారలు. ఎండపొడ కిందిదాకా దిగింది. అరుదు.

పొద్దున చేపలు తోముతున్నాను. ఆయన గడప మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. నేను ఏదో ఆలోచిస్తూ కత్తి జారవిడిచాను.

"ఏమే, చూసుకో. చెయ్యి తెగుతుంది" అన్నాడు.

చేప వదిలేశాను. ఆయన కూడా ఆగిపోయాడు, బ్రష్షు నోట్లోనే. నన్ను చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. కళ్ళు మూసుకోలేదు.

"రత్నం" అన్నాడు. నురగ గడ్డం మీదికి కారింది. లేచొచ్చి, చేపల చెయ్యి అని కూడా చూడకుండా పట్టేసుకున్నాడు. నా మొహాన్ని రెండు అరచేతులతో పట్టుకుని, వెతుకుతున్నట్టు, ఎక్కడెక్కడో చూశాడు. "ఎంత చిక్కిపోయావే" అన్నాడు.

ఎదురింట్లోంచి వదిన అరుపులు, సంతోషం పట్టలేక. నాకు మాట రాలేదు. ఇప్పుడు నిజంగానే రాలేదు.

నమోదు 45
ప్రవాహం ఉత్తరం నుంచి, నెమ్మదిగా. చూపు నాలుగు బారలు.

అంతా బాగుందని డాక్టరమ్మ రాసుకున్నారు. గొంతు కూడా తిరిగొచ్చింది. ఇక ఇది రాయనక్కర్లేదన్నారు.

కానీ ఒకటి రాయాలి. కొన్నాళ్ళుగా ఆయన భోజనమయ్యాక పీట వైపు చూసి ఊరుకుంటున్నాడు. నేను వెళ్ళి కూర్చుంటే అప్పటిలా మాట్లాడడు. మామూలు మొగుడిలా, ఉప్పు తక్కువైందనో, నాగూర్ గేటు దగ్గరే కునుకు తీశాడనో అంటాడు. వలబుట్ట పక్కన పడి ఉంది.

ఇవాళ అడిగాను, ఏమైందని.

"నవ్వకు" అన్నాడు. "ఆవిడ ఏమైంది?"

"ఎవరు?"

"నాకు తెలుసే, నువ్వేనని. అయినా ఆవిడ కనపడ్డం లేదు. ఎంత చూసినా నువ్వే కనపడుతున్నావు. అన్నాళ్ళు నాకు చేసింది, ఒక్క మాట అనకుండా. ఆవిడకి ఒక్క మంచి మాటైనా చెప్పలేదు నేను."

నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఆవిడని తలుచుకుంటున్నాను. ఆవిడకి ఆయన చెప్పినవేవీ నాకు ఇంకా చెప్పలేదు. చెబుతాడన్న ఆశా లేదు. నోరు రాదు కదా ఆయనకి.

లేచి తడిచేతులు చీర చెంగుకి తుడుచుకున్నాను. పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. మాట్లాడలేదు. వలబుట్ట ఆయన ముందుకి జరిపాను.

ఆయన కాసేపు నన్ను చూసి, తర్వాత కళ్ళు బుట్ట మీదికి దించుకున్నాడు. దారం అందుకున్నాడు. వల కన్ను ఒకటి బిగించాడు. ఇంకోటి బిగించాడు.

"మా రత్నం వచ్చేసిందండి" అన్నాడు.

నేను తలూపాను.